ఎండలు నిజంగా పెరిగాయా? రోజువారీ లెక్కల నుంచి మీరే తేల్చుకోండి

మే నెల వచ్చిందంటే హైదరాబాద్‌లో "ఇంత ఎండ ఎన్నడూ చూడలేదు" అన్న మాట వినపడకుండా ఉండదు. రికార్డు తిరగేస్తే బేగంపేటలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, తేదీ 1966 జూన్ 2. రోళ్లు పగిలే రోహిణి కార్తె రోజులే అవి. మరి అప్పటినుంచీ వేడి పెరగలేదా? ఒక్క రోజు రికార్డు ఆ సంగతి చెప్పలేదు. ఏడాదిలో ఎన్ని పగళ్లు, ఎన్ని రాత్రులు మామూలు హద్దు దాటుతున్నాయో లెక్కపెడితే తెలుస్తుంది. దానికి కనీసం 50 ఏళ్ల రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, ఒక ఎక్సెల్ షీట్, రెండు మూడు సాయంత్రాల ఓపిక చాలు.

ముందు డేటా. స్టేషన్ రీడింగులు కావాలంటే భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయానికి అర్జీ పెట్టుకోవాలి. ఉచితంగా కావాలంటే అదే కార్యాలయం వెబ్‌సైట్‌లో 1951 నుంచి దేశమంతటికీ ఒక డిగ్రీ గళ్లుగా చేసిన రోజువారీ ఫైళ్లు ఉన్నాయి, గరిష్ఠానికీ కనిష్ఠానికీ విడివిడిగా ఏడాదికొకటి. అక్షాంశం 7.5 నుంచి 37.5 దాకా, రేఖాంశం 67.5 నుంచి 97.5 దాకా 31 అడ్డం, 31 నిలువు, మొత్తం 961 గళ్లు. మన నగరానిది 17.5, 78.5 గడి. ఇవి బైనరీ ఫైళ్లు, నేరుగా ఎక్సెల్‌లో తెరుచుకోవు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఐఎండీలిబ్ అనే ప్యాకేజీతో మన గడి ఒక్కటే తీసి దాచుకోవచ్చు. దించిన ఫైలు సరిగ్గా 14,03,060 బైట్లు ఉండాలి, లీపు ఏడాదైతే 14,06,904. తక్కువుంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగినట్టే. ఒక గడి దాదాపు 110 కిలోమీటర్ల వెడల్పు కాబట్టి అందులో వచ్చేది చుట్టుపక్కల ప్రాంతమంతటి వేడి, ఒక్క అమీర్‌పేటది కాదు.

డేటా చేతికి రాగానే గ్రాఫు గీయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. తప్పులన్నీ ఇక్కడే దాక్కుంటాయి.

గళ్ల ఫైళ్లలో రీడింగు లేని చోట 99.9 అని ఉంటుంది. దాన్ని తీసేయకపోతే మీ లెక్కలో హైదరాబాద్ ఉడికిపోతుంది. గళ్ల ఫైళ్లకు బదులు అమెరికా వాళ్ల అంతర్జాతీయ రోజువారీ స్టేషన్ రీడింగుల సంకలనం (జీహెచ్‌సీఎన్-డైలీ) వాడితే అక్కడ విలువలు డిగ్రీలో పదో వంతుల్లో ఉంటాయి, 425 అంటే 42.5. లేని చోట -9999. ఆ తర్వాత కనిష్ఠం గరిష్ఠానికి సమానంగానో ఎక్కువగానో ఉన్న రోజుల్ని వడకట్టండి. వరసగా నాలుగైదు రోజులు దశాంశంతో సహా ఒకే అంకె ఉంటే ఎవరో కిందికి లాగి నింపారని అనుమానించండి. ఆ తేదీ సగటుకు ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) మూడు రెట్లకు మించి దూరమున్న విలువల్ని విడిగా రాసి పెట్టుకోండి, కానీ గుడ్డిగా చెరిపేయకండి. మనం వెతుకుతున్నదే విపరీతాల్ని కదా! 24.1 రావాల్సిన చోట 42.1 ఉంటే అంకెలు తారుమారైనట్టు. పక్క స్టేషన్లో కూడా ఆ రోజు వేడి ఎగిసుంటే అది నిజమైన వడగాలి. నెలలో మూడు రోజులకు మించి లోపిస్తే ఆ నెలను, ఏడాదిలో 15 రోజులకు మించి లోపిస్తే ఆ ఏడాదిని పక్కన పెట్టండి.

స్టేషన్ డేటా అయితే ఇంకో గండం ఉంది. పరికరం మారినా, థర్మామీటరు పెట్టె చోటు మారినా, చుట్టూ భవనాలు లేచినా లెక్క వంకర పోతుంది. ఒకప్పుడు ఊరి అంచున ఉన్న బేగంపేట విమానాశ్రయం ఇప్పుడు నగరం నడిబొడ్డున ఉంది. కాంక్రీటు పగలు తాగిన వేడిని రాత్రి కక్కుతుంది, కనుక కనిష్ఠాలే ముందు చెడతాయి. దీన్ని పట్టుకోవడం తేలికే. మెదక్ లాంటి పక్క స్టేషన్ కనిష్ఠాన్ని బేగంపేట కనిష్ఠంలోంచి తీసేసి, ఏడాది సగటు తేడాను గీయండి. ఒక ఏడాది దగ్గర గీత మెట్టులా ఎగిరితే పరికరమో చోటో మారింది. చీమ నడకలా పైకి పాకితే నగరం పెరుగుతోంది. దేశం సంగతి చెప్పాలనుకుంటే ఆ పాకుడును తీసేయాలి, నగరవాసుల అవస్థ చెప్పాలనుకుంటే ఉంచాలి. ముందే తేల్చుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. 1961–1990ని ఆధార కాలంగా పెట్టుకోండి. మే 15కి హద్దు కావాలంటే ఆ 30 ఏళ్లలో మే 13 నుంచి 17 దాకా ఉన్న గరిష్ఠాలన్నీ పోగేయండి, 150 విలువలు వస్తాయి. ఎక్సెల్ పర్సెంటైల్ ఫంక్షన్‌లో 0.9 ఇస్తే వచ్చేదే మే 15 హద్దు, అంటే పదింట తొమ్మిది విలువలు దానికి కిందే ఉంటాయి. ఇలా 365 తేదీలకూ చేయాలి, కనిష్ఠాలకు విడిగా. గరిష్ఠం తన తేదీ హద్దు దాటితే వేడి పగలు, కనిష్ఠం దాటితే వేడి రాత్రి. 0.9కి బదులు 0.1 ఇచ్చి, కనిష్ఠం ఆ హద్దు కిందికి పోయిన రోజుల్ని లెక్కపెడితే చల్లని రాత్రులు వస్తాయి. ఆధార కాలంలో సగటున ఏడాదికి 36 రోజుల చిల్లర రావాలి. 50 వచ్చిందంటే ఫార్ములా ఎక్కడో తప్పింది. ఒక చిక్కు మాత్రం చేతి లెక్కతో తీరదు: హద్దు కట్టిన ఏళ్లలో హద్దు దాటిన రోజులు కాస్త తక్కువగా, బయటి ఏళ్లలో కాస్త ఎక్కువగా వచ్చి 1990 తర్వాత లేని మెట్టు కనబడుతుంది. ఆర్‌క్లైమ్‌డెక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని సవరిస్తుంది, పైగా 27 సూచికలు ఒకేసారి ఇస్తుంది.

40 డిగ్రీలు దాటిన రోజుల్ని మాత్రమే లెక్కపెడతామంటారా? పెట్టండి, జనానికి సులువుగా అర్థమవుతుంది. కానీ జనవరిలో వచ్చిన తేడా అందులో పడదు. పాత పత్రికల్లోని వడగాలుల హెచ్చరికల్ని లెక్కపెట్టడం మాత్రం వద్దు. మైదానాల్లో 40 చేరి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి అంటారు. ఆ 'సాధారణం' ఇప్పుడు 1991–2020 సగటు. కొలబద్దే జరుగుతుంటే పోలిక ఎలా కుదురుతుంది? "రాష్ట్రంలో అత్యధికం" అనే వార్తలదీ అదే రోగం. మండలాల్లో ఆటోమేటిక్ స్టేషన్లు పెరిగేకొద్దీ ఎక్కడో ఒకచోట పెద్ద అంకె దొరకడం ఖాయం.

మార్పు నిజమా, యాదృచ్ఛికమా తేల్చడానికి మాన్–కెండల్ పరీక్ష చేయండి. ఏ రెండు ఏళ్లను జత కట్టినా, తర్వాతి ఏడాది వేడి రోజుల లెక్క ఎక్కువైతే +1, తక్కువైతే -1 వేసి కూడాలి. 60 ఏళ్లకు 1,770 జతలు. మొత్తం +308 దాటితేనో, -308 కిందికి పోతేనో అది కాకతాళీయమయ్యే అవకాశం 5 శాతం కన్నా తక్కువ. వాలుకు, అంటే ఏడాదికి ఎంత పెరుగుతోందో చెప్పడానికి, ఎక్సెల్ గీసే ట్రెండ్‌లైన్ వాడకండి, చివరన ఒక మండే ఏడాది వస్తే అది పైకి లేస్తుంది. ఒక్కో జతలో తేడాను మధ్యనున్న ఏళ్లతో భాగిస్తే దాని వాలు వస్తుంది; 1,770 జతల వాలుల మధ్యస్థం, అంటే వరసలో పెడితే నడిమి విలువ, తీసుకోండి. దాన్నే సెన్ వాలు అంటారు.

దేశం మొత్తానికి చేసేటప్పుడు డిగ్రీల్ని నేరుగా సగటు చేయకూడదు. ఒక్కో గడిలో దాని సొంత సాధారణం నుంచి తేడా తీసి, అక్షాంశపు కొసైన్‌తో గుణించి కలపాలి. 35 డిగ్రీల దగ్గర గడి 8 డిగ్రీల దగ్గరి గడి కన్నా చిన్నది, 0.82కి 0.99. మీ ఫలితం సరిచూసుకోవడానికి ఒక ఆనవాలు: 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951 తర్వాత వేడి పగళ్లు, వేడి రాత్రులు పెరిగి, చల్లని రాత్రులు తగ్గాయి. మీకు దేశమంతా చల్లని రాత్రులు పెరిగినట్టు వస్తే మళ్లీ 99.9ల దగ్గరికే వెళ్లండి.

చివరగా 2016, 2024 లాంటి, ఎల్ నినో (పసిఫిక్ సముద్రం మామూలు కన్నా వేడెక్కడం) వెంట వచ్చిన వేసవుల్ని తీసేసి ఇంకోసారి నడపండి. ఫలితం తారుమారైతే ఇంకా ఎవరికీ చూపించకండి.