కాలక్రమం రాయడం – నాలుగో పాఠం: ఉగాది దగ్గర తప్పే ఏడాది

ఈసారి గుడి శాసనాల్లోకి దిగాల్సింది. మీరు పంపిన కుటుంబ కాలక్రమాలు చూశాక దాన్ని వెనక్కి నెట్టాను. శాలివాహన శకానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందన్న మాట అందరికీ బాగా అబ్బింది. ఆ వెంటే చెప్పిన మాట, మన ఏడాది మారేది జనవరికి కాదు ఉగాదికన్నది మాత్రం చాలామందికి జారిపోయింది.

కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక కాగితం చూడండి. నందన నామ సంవత్సరం మార్గశిరంలో నిశ్చయ తాంబూలాలు, మాఘంలో పెళ్లి. రాసినవారు రెంటికీ 1952 వేసి నెలల వరసన సర్దారు. దాంతో పెళ్లి ఫిబ్రవరిలో అయిపోయింది, తాంబూలాలు డిసెంబరులో పుచ్చుకున్నారు! పొట్టి శ్రీరాములుగారు పోయిన రోజుల్లోనే తాంబూలాలని ఆ ఇంట్లో చెప్పుకుంటారట. ఆయన కన్నుమూసింది 1952 డిసెంబరు 15న, మార్గశిర బహుళంలో. కాబట్టి తాంబూలాల ఏడాది సరే. పెళ్లి ఏడాదే తప్పింది.

మన సంవత్సరం ఉగాదికి మొదలై మళ్లీ ఉగాదికి ముగుస్తుంది. నడుమ జనవరి 1 వచ్చి పోయినా సంవత్సరం పేరు మారదు, ఇంగ్లీషు అంకె మారుతుంది. చైత్రం నుంచి కార్తీకం దాకా 78 కలపండి. మాఘ ఫాల్గుణాలకు 79. నందన అంటే శకం 1874: కార్తీకమైతే 1952, మాఘమైతే 1953. పుష్యం గోడ మీది పిల్లి, ఒక్కో ఏడు డిసెంబరులోనే మొదలవుతుంది. మార్గశిరం చివరి రోజులూ అప్పుడప్పుడు జనవరిలో పడతాయి. ఈ రెండు నెలలకు ఆ ఏటి పంచాంగం తీయక తప్పదు. నిన్నమొన్నటి సంగతే చూసుకోండి. క్రోధి ఉగాది 2024 ఏప్రిల్ 9న చేసుకున్నాం. అదే క్రోధి ఫాల్గుణ పౌర్ణమి వచ్చింది 2025 మార్చిలో.

శకం అంకె లేకుండా సంవత్సరం పేరొక్కటే ఉంటే? అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. నేనైతే ఆ అరవైలో మొదటిదైన ప్రభవ 1927, 1987 అని గుర్తు పెట్టుకుని అక్కణ్ణుంచి వేళ్ల మీద లెక్కిస్తాను. ఫోనులో వెతకడం కన్నా ఇదే నాకిష్టం, పేర్ల వరస నోటికొస్తుంది. ఆంగీరస ఆరోది: 1932, 1992. వెనక్కి పోతే 1872, ప్రకాశం పంతులుగారు పుట్టిన ఏడు.

ఏ అరవైలోదో తేల్చడానికి కాగితం తలకట్టు చూడండి. కందుకూరు 1970 ఫిబ్రవరి దాకా నెల్లూరు జిల్లాలో ఉంది. అప్పుడు ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. తాలూకాలు పోయి మండలాలొచ్చింది 1985లో. కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది 2022 ఏప్రిల్‌లో. అందుకని ‘నెల్లూరు జిల్లా, కందుకూరు మండలం’ అని అచ్చయిన కాగితం 2022కు ముందుది కాజాలదు.

ఒక్క పని మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. కాగితంలో ఉన్న మాట తీసేసి మన లెక్క మాత్రమే రాయడం. ‘నందన మాఘం’ అని ఉన్నచోట ‘1952’ అని ఊరుకుంటే, రేపు లెక్క తప్పని తెలిసినా సరిదిద్దడానికి ఆధారం మిగలదు. జిల్లా పేర్లకూ ఇదే వర్తిస్తుంది. 1960 నాటి దస్తావేజులో నెల్లూరు జిల్లా అని ఉంటే, అది ఇప్పుడు ఏ జిల్లా అయినా సరే, నెల్లూరు అనే దించుకోండి. ఎడమ గడిలో కాగితం మాట అక్షరం పొల్లుపోకుండా, కుడి గడిలో మీ లెక్క, అదీ పెన్సిలుతో. ఈ రెండు గళ్లూ లేని కాలక్రమం ఎంత అందంగా ఉన్నా నేను దిద్దను.

అభ్యాసం: తేదీ చిరిగిపోయిన రశీదు ఉందనుకోండి. పైన ‘ఒంగోలు జిల్లా, కందుకూరు తాలూకా’, కింద ‘సాధారణ నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి’. సాధారణ 44వది. ఇంగ్లీషు సంవత్సరం తేల్చండి. అదే సాధారణ ఆషాఢంలో రాసిన రశీదు ఇంకొకటి దొరికితే ఏది ముందు? ఆపైన మీ ఇంటి పెట్టె అడుగు నుంచి నాలుగు దస్తావేజులు, రెండు శుభలేఖలు తీసి, రెండు గళ్లలో వరస కట్టి పంపండి.