ఆటను విజయనగరంలో దించి ఊరికి తెచ్చుకోవచ్చు

1993 నాటి 'జురాసిక్ పార్క్' చూసి పెరిగినవారికి, అలాంటి పార్కును మనమే కట్టి నడిపే 'జురాసిక్ వరల్డ్ ఎవల్యూషన్' కంప్యూటర్ ఆట తప్పక నచ్చుతుంది. అయితే రాజాం, పాలకొండ వైపు పల్లెల్లో ఫోను డేటాతో దానిని దించుకోబోతే, సగం కాకముందే ఆ రోజు కోటా అయిపోతుంది.

విజయనగరంలో ఫైబర్ కనెక్షన్ ఉన్న బంధువుల కంప్యూటరులో స్టీమ్ (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) యాప్‌లో మీ ఖాతా తెరిచి ఆటను పూర్తిగా దించండి. తరువాత లైబ్రరీలో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌కు వెళ్లి, బ్యాకప్ బటన్ నొక్కి, 64 జీబీ పెన్‌డ్రైవులో భద్రపరచుకోండి. ఇంటికి వచ్చాక స్టీమ్ మెనూలో 'రిస్టోర్ గేమ్ బ్యాకప్' ఎంచుకుని ఆ ఫోల్డరును చూపితే చాలు, లాగిన్‌కు పట్టే కొద్దిపాటి డేటాతోనే పని జరుగుతుంది. 2019లో వచ్చిన 'రిటర్న్ టు జురాసిక్ పార్క్' అదనపు భాగాన్ని కొన్నవారు దానిని కూడా అక్కడే దించుకోవాలి. మొదటి సినిమా నాటి ఆ పార్కు ద్వారం, అందులోని నటులు సామ్ నీల్, లారా డెర్న్‌ల గొంతులు ఈ భాగంలోనే ఉన్నాయి, నా దృష్టిలో ఆట మొత్తానికి అదే ప్రాణం.

బ్యాకప్ తీసిన తరువాత పెద్ద అప్‌డేట్ వస్తే ఆ మేరకు మళ్లీ ఫోను డేటాతోనే దించవలసి వస్తుంది కనుక, దానిని నెలల తరబడి పెన్‌డ్రైవులో ఉంచకుండా ఇంటికి చేరగానే ఎక్కించుకోండి.