మామ్మ మొహింగా – 3వ పాఠం: పులుసు చిక్కబరచడం

మొహింగా అంటే బర్మావాళ్లు బియ్యప్పిండి సేమ్యాతో తినే చేపల పులుసు. మొదటి రెండు పాఠాలు చేసి చూసినవాళ్ల దగ్గర ఈపాటికి రెండు గిన్నెలు సిద్ధంగా ఉండాలి. ఒకదాంట్లో నిమ్మగడ్డి వేసి చేపలు ఉడికించి వడగట్టిన నీళ్లు, సుమారు 2 లీటర్లు. రెండో దాంట్లో ముళ్లు తీసి ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి ముద్దతో వేపిన చేప. ఒడిశాలోని మా బరంపురం బజార్లో మాగుర అని అమ్మేది, మనం మార్పు చేప అనేది, అదే దీనికి బాగుంటుందని మొదటి పాఠంలోనే చెప్పాను. ఇవాళ ఈ రెండింటినీ కలిపి పులుసు చేస్తాం. మొహింగా కుదిరేదీ, చెడేదీ ఇక్కడే. అందుకే నిదానంగా చెప్తాను.

కొత్తగా చేరినవాళ్లకి మామ్మ గురించి నాలుగు మాటలు. మామ్మ పుట్టింది రంగూన్‌లో. వాళ్ల పెద్దలు గంజాం జిల్లా వాళ్లు. అప్పట్లో గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కి ఓడలు వెళ్లేవి, పని వెతుక్కుంటూ అలా వెళ్లి అక్కడే ఉండిపోయారు. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. తర్వాత కొట్లు జాతీయం చేశారు. 1964 మేలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. తాతయ్య బియ్యం కొట్టు పోయింది. మరుసటి ఏడాది ఇద్దరు పిల్లల్ని తీసుకుని విశాఖపట్నంలో ఓడ దిగి, రైలెక్కి బరంపురం వచ్చారు. పెద్దల ఊరే అయినా మామ్మకి అది పరాయి దేశం. తెలుగు వచ్చు, బర్మా భాష వచ్చు, ఒడియా ఒక్క ముక్క రాదు. అక్కడినుంచి తెచ్చుకున్నవాటిలో ఇప్పటికి మిగిలింది ఒక ఇత్తడి గరిటె. అరవై ఏళ్లు గిన్నె అడుగు గీకి గీకి దాని ఎడమ అంచు బ్లేడులా పల్చబడింది. ఈ పాఠం రాస్తున్నప్పుడు అది నా పక్కనే ఉంది.

ముందు శనగపిండి. ఆరుగురికి 60 గ్రాములు. ఈ లెక్క మామ్మ చెప్పింది కాదు. అడిగితే గుప్పిట చూపించేది. మూడు ఆదివారాలు ఆవిడ వంటకి ముందోసారి, తర్వాతోసారి పిండి డబ్బాని తూకం వేశాను: 58, 64, 61. మీ ఇంట్లో పెద్దవాళ్ల వంట రాసుకోవాలనుకుంటే ఈ పద్ధతి పట్టుకోండి. వాళ్ల చేతికి అడ్డం పడకుండా డబ్బాని తూచండి.

అడుగు మందంగా ఉన్న మూకుడు పెట్టి, సన్నటి మంట మీద పిండి వేయండి. నూనె వద్దు. మొదటి మూడు నిమిషాలు పిండి గరిటెకి బరువుగా తగులుతుంది, పచ్చి వాసన వస్తుంది. ఈ దశలో మామ్మ "ఇంకా నిద్దర్లోనే ఉంది, కలుపు" అనేది. ఆపకుండా కలపండి. ఐదారు నిమిషాలకి పిండి తేలికవుతుంది, గరిటె పక్కనుంచి పొడి ఇసకలా జారుతుంది. ఇంకో నిమిషం ఆగితే వేయించిన శనగల బండి పక్కనుంచి వెళ్తున్నప్పుడు వచ్చే వాసన వస్తుంది. అదే గుర్తు. వెంటనే చల్లటి పళ్లెంలోకి వంపెయ్యండి, మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడుతుంది. రంగు చూసి దించుదామనుకోకండి. రంగు మారేసరికి ఆలస్యం అయిపోతుంది, పులుసు చేదెక్కుతుంది.

రెండు చెంచాల బియ్యం కూడా ఎర్రగా వేయించి పొడి కొట్టి అందులో కలపండి.

ఇప్పుడు ఉండలు కట్టకుండా కలపడం. పిండి పూర్తిగా చల్లారాలి. మూడు గ్లాసుల చన్నీళ్లు తీసుకుని ముందు ఒక్క గ్లాసు పోసి ముద్దలా చేసి, తర్వాత మిగతావి పోస్తూ పల్చటి మజ్జిగలా చేయండి. ఒక్కసారే నీళ్లన్నీ పోస్తే పిండి తేలిపోయి ఉండలు కడుతుంది. చేపల నీళ్లు వేడెక్కాలి గానీ తెర్లుతూ ఉండకూడదు. మంట తగ్గించి, టీ వడకట్టే జల్లెడ గిన్నె మీద పెట్టి, ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలపండి. అయినా ఉండలు వస్తే టెన్షన్ పడకండి, మొత్తం ఒకసారి వడగట్టి జల్లెడలో మిగిలిన ముద్దని గరిటెతో నొక్కేయండి. నాకు మొదటి రెండుసార్లు అలాగే అయింది.

వేపిన చేప, రెండు చెంచాల ఎండు రొయ్యల పొడి, ఉప్పు, పది చిన్న ఉల్లిపాయలు ఒలిచి కోయకుండా అలాగే వేయండి. బర్మాలో అయితే చేపల సాస్ పోస్తారు. బరంపురంలో అప్పుడు అది దొరక్క మామ్మ ఎండు రొయ్యలతో సరిపెట్టుకుంది. తర్వాత ఎవరో సీసా తెచ్చి ఇచ్చినా ఎండు రొయ్యలే వేసేది. మాకు అలవాటైన రుచి అదే.

ఇక అరటి దూట, జానెడు ముక్క. గుండ్రంగా తరుగుతుంటే చక్రానికీ చక్రానికీ మధ్య సన్నటి దారాలు సాగుతాయి. వాటిని చూపుడువేలికి చుట్టుకుంటూ తరగండి, కాసేపటికి వేలి మీద తెల్లటి ఉంగరంలా అవుతుంది. ముక్కలు మజ్జిగ కలిపిన నీళ్లలో వేస్తే నల్లబడవు. దూట లేకపోతే మామ్మ మొహింగా చేసేది కాదు. వచ్చిన కొత్తలో పక్కింటి పెరట్లో గెల కోసిన అరటిచెట్టు పడేసి ఉంటే, వెళ్లి చేతులతో సైగలు చేసి అడిగిందట. ఆ ఇంటి మావుసీ (ఒడియాలో పిన్ని) కాసేపు చూసి, నవ్వి, "మంజ?" అందట. మంజ అంటే దూట. మామ్మ నేర్చుకున్న మొదటి ఒడియా మాట అదే. సాయంత్రం గిన్నెడు పులుసు పంపిస్తే, ఆ గిన్నె మర్నాడు ఆవ పెట్టిన మంజ కూరతో తిరిగొచ్చింది. దూటకి ఆవ పెట్టి వండడం తెలుగువాళ్లకి కొత్త కాదు, కానీ రంగూన్‌లో పెరిగిన మామ్మ దాన్ని నేర్చుకుంది మాత్రం ఆ మావుసీ దగ్గరే.

దూట వేశాక సన్నటి మంట మీద 40 నిమిషాలు. గరిటె అడుగు తాకుతూ తిరగాలి, శనగపిండి అడుగంటుతుంది. గరిటె వెనక వేలితో గీత గీస్తే గీత నిలవాలి, పులుసు మాత్రం గరిటె మీంచి జారుతూనే ఉండాలి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కాస్త పల్చగా ఉండగానే దించండి. బర్మాలో ఇది పొద్దుటి తిండి. మామ్మ ఆదివారం నాలుగింటికే లేచి పొయ్యి వెలిగించేది, మేం లేచేసరికి ఇల్లంతా నిమ్మగడ్డి వాసనే.

చివరి ఏడాది ఆవిడకి చూపు బాగా తగ్గింది. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను పిండి వేపుతుంటే కళ్లు మూసుకుని వాసన పట్టేది. "లేచింది, దించీ" అనగానే నేను దించేదాన్ని. ఆ పిండి ఒక్కసారి కూడా పచ్చిగా లేదు, మాడలేదు.

ఈ వారం పని: పూర్తి పులుసు వద్దు. శనగపిండి ఒక్కటే రెండుసార్లు వేపండి. మొదటిసారి గడియారం చూసుకుంటూ, రెండోసారి గడియారం వైపు చూడకుండా వాసనతో. రెండూ చిటికెడు చొప్పున నోట్లో వేసుకుని చూడండి. వచ్చే పాఠానికి జంతికల గొట్టం, సన్న చిల్లుల బిళ్ల కడిగి పెట్టుకోండి. బియ్యప్పిండి సేమ్యా మనమే ఒత్తుకుందాం.