పెయ్యలు సకాలంలో ఎదకు రావాలంటే ఖనిజ మిశ్రమం, మూలికలు ఎలా పెట్టాలి?

పెయ్య ఎదకు రావడం లేదనగానే చాలామంది ముందు ఓ పొడి డబ్బా కొనుక్కొస్తారు. కానీ బరువు, నట్టలు (కడుపులో పురుగులు), మేత సంగతి చూడకుండా పెట్టిన పొడి డబ్బు దండగ. పనిని కింది వరుసలో చేయండి.

1. బరువు కొలవండి

పెయ్య ఎదకు వచ్చేది వయసును బట్టి కన్నా బరువును బట్టే. ఆ జాతి పెద్ద ఆవు బరువులో 60–65 శాతం వచ్చాకే కట్టించాలి. ఆవు 400 కిలోలు తూగే జాతి అయితే పెయ్య 240–260 కిలోలు ఉండాలి. కాటా లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు కిలోలు తెలుస్తాయి. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే 273 కిలోలు. బరువు తక్కువగా ఉంటే మేత, దాణా పెంచడమే అసలు మందు.

2. నట్టల మందు

పేడ పరీక్ష చేయించి, బరువుకు తగ్గ మోతాదులో తాగించండి.

3. లోపం ఎక్కడుందో చూడండి

మట్టి నాకడం, ఎముకలు, తాళ్లు నమలడం కనిపిస్తే ఫాస్ఫరస్ లోపాన్ని అనుమానించాలి. వెంట్రుకలు వెలిసిపోయి, ముఖ్యంగా కళ్ల చుట్టూ రంగు తగ్గితే రాగి లోపం కావచ్చు. ఒట్టి ఎండుగడ్డితో పెరిగే పెయ్యకు ఫాస్ఫరస్, విటమిన్ ఎ రెండూ చాలవు. తవుడు ఫాస్ఫరస్‌ను, పచ్చిమేత విటమిన్ ఎను అందిస్తాయి.

4. ఖనిజ మిశ్రమం రోజూ పెట్టండి

ఎదిగే పెయ్యకు సాధారణంగా రోజుకు 30–50 గ్రాములు, ప్యాకెట్ మీది మోతాదు ప్రకారం. ఫాస్ఫరస్‌తో పాటు రాగి, జింకు, మాంగనీస్, కోబాల్ట్, అయొడిన్ ఉన్నది ఎంచుకోండి. పొడిని దాణా మీద చల్లితే తొట్టి అడుగుకు దిగిపోతుంది, పెయ్య పైది తిని వదిలేస్తుంది. ముందు గుప్పెడు తవుడులో కలిపి, కాస్త తడిపి, తర్వాత మొత్తం దాణాలో కలపండి. తిన్నాక తొట్టి అడుగున చెయ్యి పెట్టి చూడండి, తెల్లటి పొడి మిగిలితే కలపడం సరిగా లేనట్టే.

రెండు కంపెనీల మిశ్రమాలు ఒకేసారి వద్దు. రాగి, సెలీనియం ఎక్కువైతే విషమవుతాయి.

అండం ఎదగడానికే కొన్ని నెలలు పడుతుంది. అందువల్ల వారం పెట్టి లాభం లేదని ఆపేయకండి. కట్టించాలనుకునే సమయానికి మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

5. మూలికలు

ఇవి మేతకు తోడు మాత్రమే. మొలకెత్తించిన ధాన్యం, పప్పుగింజలు, మెంతులు, శతావరి వేరు పొడి చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. తిరగ పొర్లే (ఎన్నిసార్లు కట్టించినా చూడి నిలవక మళ్లీ ఎదకు వచ్చే) పశువులకు ఎద మొదలైన రోజు నుంచి ముల్లంగి, ఆపై కలబంద, మునగాకు, నల్లేరు, కరివేపాకు ఒకదాని తర్వాత ఒకటి కొన్ని రోజుల చొప్పున బెల్లం, ఉప్పుతో తినిపించే పద్ధతీ ఉంది. దీన్ని పశువైద్యుడిని అడిగాకే చేయండి. చూడి కట్టిందేమోనని అనుమానం ఉంటే కలబంద, నల్లేరు అసలు పెట్టొద్దు.

6. ఎదను కనిపెట్టండి

ఖనిజాలు అందాక కూడా కొన్ని పెయ్యలు అరవవు, మూగ ఎదకు వస్తాయి. తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు మానం దగ్గర చూడండి. గుడ్డు తెల్లసొనలాంటి జిగట తీగ వేలాడుతుంటే ఎదలో ఉన్నట్టే. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి. తేదీ రాసుకుని 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ గమనించండి.

7. డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

బరువు సరిపోయి, మూడు నెలలు మిశ్రమం తిన్నా ఎద కనిపించకపోతే గర్భకోశం, అండాశయాలు పరీక్ష చేయించండి. జిగటలో చీము ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. మగదూడతో కవలగా పుట్టిన పెయ్యనైతే ముందే చూపించండి. అలాంటి పదింటిలో తొమ్మిదికి పైగా గొడ్డువే, ఏ పొడితోనూ అవి చూడి కట్టవు.