బోన్సాయ్‌కి మట్టి కుండీ: ఆరబెట్టడం దగ్గరే అసలు పని

కుండీలో పెంచే మరుగుజ్జు చెట్టే బోన్సాయ్. దాని కుండీ చేయడానికి కుమ్మరి సారె అక్కర్లేదు. తొక్కి సిద్ధం చేసిన మట్టి, అందులో కలపడానికి జల్లించిన ఇసుక కొంచెం, అప్పడాల కర్ర, చాకు చాలు. మట్టి కుమ్మరుల దగ్గరే కొనండి. చెరువులో తవ్వుకొచ్చి రాళ్లు ఏరుకుంటూ కూర్చోవద్దు.

మట్టిని సెంటీమీటరు మందాన ఒత్తి అడుగు, నాలుగు గోడలు కోయండి. ఎండి కాలేసరికి దాదాపు పదో వంతు తగ్గుతుంది, అందుకని 30 సెం.మీ. కుండీకి 33 కోయాలి. లోతు చెట్టు మొదలు లావంత ఉంటే బాగుంటుంది. అంచులు గీకి, బురద పూసి అతికించి, లోపలి మూలల్లో సన్నటి మట్టి వత్తి పెట్టి నొక్కండి.

ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. తర్వాత తీసుకెళ్లి డాబా మీద ఎండలో పెడతారు! వరంగల్ ఎండకు అంచులు గంటల్లో ఎండి కుంచించుకుపోతాయి, అడుగు మాత్రం తడిగానే ఉంటుంది. ఇంకేముంది, మూలలు చీలుతాయి, అడుగు పైకి లేస్తుంది. బురదతో పూడ్చినా ఆ చీలిక ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, మళ్లీ తెరుచుకుంటుంది.

కుండీ కింద న్యూస్‌పేపర్ వేయండి, అడుగు అతుక్కోకుండా జరుగుతుంది. పై అంచుకు తడి గుడ్డ చుట్టి, మొత్తం పాలిథిన్ కవర్ కప్పి, నీడలో పెట్టండి. ఫ్యాన్ గాలి కూడా తగలకూడదు. కవర్ లోపల పట్టిన నీటి చుక్కలు కుండీ మీద పడకుండా రోజూ కవర్ తిరగేయండి. గోరు గుర్తు పడి, వేలు దిగని దశకు వచ్చాక రెండు చెక్కల మధ్య పెట్టి బోర్లించి, కాళ్లు అతికించండి. నీళ్లు పోవడానికి రెండు పెద్ద రంధ్రాలు, వేర్లు కట్టే తీగకు నాలుగు చిన్నవి పెట్టండి. మళ్లీ కప్పి, రోజుకింత కవర్ తెరుస్తూ రెండు వారాలు ఓపిక పట్టండి. చివర్లో అడుగును చెంపకు ఆనించి చూడాలి. చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అలాగే కాలిస్తే ఆవిరి పట్టి పగులుతుంది. అసలు ఈ పని దసరా తర్వాతే పెట్టుకోవాలి, ఏప్రిల్, మేలో వద్దే వద్దు.

జపాన్‌లో టోకోనామే అనే ఊరి కుండీలను గట్టిగా కాలుస్తారని, మనమూ అలా నీళ్లు పీల్చనంత గట్టిగా కాల్చిన స్టోన్‌వేరే చేయాలని కొందరు పట్టుబడతారు. దానికి 1200 డిగ్రీలు కావాలి, ఆవంలో అంత వేడి రాదు. వాళ్లకు మంచు గడ్డకట్టి కుండీ పగిలే భయం, మనకు అది లేదు. చింతకు, జువ్వికి ఎర్ర మట్టే అందం. రంగు పూయొద్దు, లోపల అసలే పూయొద్దు.

కుమ్మరి తన కుండలతో పాటే కాల్చిస్తాడు. తెచ్చాక ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, రంధ్రాల మీద జాలీ కట్టి చెట్టు నాటండి. ఈ మట్టి నీళ్లు పీలుస్తుంది కాబట్టి ఎండాకాలం రెండు పూటలా తడపాలి.