రొయ్యల చెరువు యాప్‌కి స్క్రీన్ గీసేటప్పుడు

భీమవరం చుట్టుపక్కల రొయ్య రైతులకు యాప్‌లు తయారుచేయడం నా పని. మేత తగ్గించాలా, ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) పెంచాలా, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) ఇప్పుడా ఇంకో వారం ఆగాలా అన్నవి తేల్చుకోడానికి సాయపడేవి.

స్క్రీన్ గీసేముందు ఎవరు, ఏ వేళప్పుడు చూస్తారో తెలుసుకోండి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్లలో నాచు ఆక్సిజన్ తయారుచేయదు సరికదా, ఉన్నది కూడా పీల్చేస్తుంది. అందుకే డీఓ (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్) బాగా పడిపోయేది తెల్లవారుజామున. అప్పుడు గట్టు మీద ఉండేది ఆసామి కాదు, కాపలా మనిషి. చేతులు తడి, ఒక చేతిలో టార్చి. కాబట్టి నల్ల స్క్రీను, పెద్ద అక్షరాలు, బొటనవేలికి అందేలా అడుగున బటన్లు.

మొదటి వరుసలో చేయాల్సిన పని ఉండాలి: "3వ చెరువు: ఏరియేటర్లన్నీ వేయండి. పొద్దుటి మేత ఆపండి." దాని కింద కారణం: "డీఓ 3.1. గంట కిందట 3.8." గ్రాఫులు లోపలి పేజీలోకి నెట్టేయండి. వాటి మీద మోజు మనకే, కాపలా మనిషికి లేదు.

రీడింగ్ ఎప్పటిదో కచ్చితంగా చూపించాలి. సెన్సరుకి పాకుడు పడితే అంకె తప్పుతుంది, కరెంటు పోతే అంకే రాదు. అలాంటప్పుడు పాత అంకె పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంటే అంతకన్నా ప్రమాదం లేదు. "రాత్రి 11 తర్వాత రీడింగ్ రాలేదు, మీటరు పెట్టి చూడండి" అని రాయండి. రంగు మీదే ఆధారపడొద్దు, పక్కన మాట ఉండాలి.

పట్టుబడి స్క్రీన్ సంగతి వేరు. దాన్ని ఆసామి పగలు, తీరిగ్గా చూస్తాడు. "పట్టేయండి" అని తీర్పు చెప్పకండి. ఈరోజు పడితే ఎంత, వారం ఆగితే ఎంత: కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు), రేటు, మేత ఖర్చు పక్కపక్కనే చూపించండి. రేటు ఆయనే మార్చుకునేలా ఉండాలి, ఎందుకంటే కొనుగోలుదారు ఇప్పుడే ఫోన్లో చెప్పిన రేటు మీ సర్వర్‌లో ఉండదు. "నేను ఒప్పుకోను" అనే బటన్ కూడా పెట్టి కారణం అడగండి. "పక్క చెరువుకి వైట్‌స్పాట్ తెగులు వచ్చింది" అని ఆయన నొక్కాక కూడా వారం ఆగమని చెప్పే యాప్‌ని ఎవడు ఉంచుకుంటాడు?

పరీక్షించేటప్పుడు "అర్థమైందాండీ?" అని అడగొద్దు. "ఆయ్, బాగుందండి" అంటారు, మనవాళ్ల మర్యాద అది. ఫోన్ చేతికిచ్చి, "ఇప్పుడేం చేస్తారండీ?" అని ఊరుకోండి. కాపలా మనిషి నేరుగా ఏరియేటర్ల స్టార్టర్ దగ్గరికి నడిస్తే సరే. ఆసామికి ఫోన్ కలిపాడంటే ఆ మొదటి వరుస మళ్లీ రాయండి.