4 ఎంబీ చీర ఫొటోని 150 కేబీకి దించడం ఎలా

మా అక్క దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లోంచే పోచంపల్లి చీరలు అమ్ముతుంది. పోయిన శ్రావణ మాసానికి కాస్త ముందు సొంతంగా వెబ్‌సైటు పెట్టుకుని, తనే ఫొటోలు తీసి, తనే ఎక్కించి, నాకు ఫోన్ చేసింది: "తమ్మీ, ఫొటోలు మంచిగనే ఉన్నయి గదా, మరి సైటు ఎందుకు తిరుగుతనే ఉంది?" నేనప్పుడు మియాపూర్ వైపు వెళ్లే మెట్రోలో ఉన్నాను. తెరిచి చూశాను. మలక్‌పేట దాటేసరికి మొదటి చీర సగం వచ్చింది, తర్వాతి స్టేషన్ ఎంజీబీఎస్‌లో అంచు కనపడింది.

ఇంటికెళ్లి చూస్తే ఒకే పేజీలో 30 చీరలు, ఒక్కో ఫొటో 4 ఎంబీ. అంటే పేజీ మొత్తం చూడాలంటే 120 ఎంబీ. రోజుకి ఒకటిన్నర జీబీ వచ్చే ప్లాన్ ఉన్నవాళ్ల డేటాలో దాదాపు పన్నెండో వంతు మా అక్క పేజీ ఒక్కటే తినేస్తుంది. కొనేవాళ్లు అంతసేపు ఆగరు, పక్క షాపుకి వెళ్లిపోతారు.

ఇక్కడ చాలామంది చేసే పని ఏంటంటే, కంప్రెస్ చేసే సైటు ఏదో ఒకటి పట్టుకుని ఫొటోల్ని అందులో పడేసి, క్వాలిటీ తగ్గించుకుంటూ పోతారు. 4 ఎంబీ కాస్తా 2 ఎంబీ అవుతుంది, చీర మాత్రం నలిగిపోయినట్టు కనిపిస్తుంది. తగ్గించాల్సింది ముందు క్వాలిటీ కాదు, కొలత. లెక్క చూడండి: ఫోన్ తీసిన ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. దాన్నే 800 వెడల్పుకి దించితే 600 ఎత్తు, 4 లక్షల 80 వేల చుక్కలు. వెడల్పు ఐదో వంతయితే చుక్కలు ఇరవై ఐదో వంతు అయ్యాయి, ఇంకా క్వాలిటీ జోలికి మనం వెళ్లనే లేదు.

800 ఎందుకంటే, ఫొటో తెర మీద ఎంత చోటు తీసుకుంటుందో చూసి దానికి రెట్టింపు పెట్టుకుంటే చాలు. ఫోన్ తెర వెబ్‌సైటు లెక్కలో దాదాపు 360 నుంచి 440 పిక్సెళ్ల వెడల్పు మాత్రమే, కాకపోతే ఆ ఒక్కో పిక్సెల్‌కి అడ్డంగా రెండో మూడో అసలు చుక్కలు ఉంటాయి, అందుకే రెట్టింపు. అక్క పేజీలో ఫోన్ మీద వరసకి రెండు చీరలు, కంప్యూటర్ మీద నాలుగు. ఎలా చూసినా ఒక్కో ఫొటోకి 300 పిక్సెళ్లకి మించి చోటు లేదు. 600 సరిపోయేది, నేను కొంచెం ధారాళంగా 800 పెట్టాను. చీర మీద నొక్కితే తెరుచుకునే పెద్ద ఫొటోకి 1600. పేజీ పైన ఈ చివర నుంచి ఆ చివరకి పరుచుకునే బ్యానర్‌కి 1600 నుంచి 2000. బ్లాగులో రాత మధ్య వచ్చే బొమ్మకి 1200. అంతకు మించి ఎవరైనా అడిగితే ఎందుకో కనుక్కోండి.

అన్నట్టు డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క) గురించి టెన్షన్ వద్దు. ఫ్లెక్సీ, పాంప్లెట్ కొట్టించేటప్పుడు 300 డీపీఐ అడుగుతారు, అది కాగితం గొడవ. వెబ్‌లో 72 అని రాసున్నా 300 అని రాసున్నా బ్రౌజర్ పట్టించుకోదు, పిక్సెళ్లే చూస్తుంది.

పని మొదలుపెట్టే ముందు అసలు ఫొటో చేతికి రావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది తనే కుదించి పంపుతుంది, దాన్ని మనం మళ్లీ కుదిస్తే రెండుసార్లు ఉతికిన రంగులా ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా డ్రైవ్‌లో పెట్టమనండి. ఐఫోన్ వాళ్లయితే ఫొటో హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో వస్తుంది, చాలా బ్రౌజర్లు దాన్ని చూపించవు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెడితే అప్పట్నుంచి తీసేవన్నీ జేపెగ్‌లో వస్తాయి. ఒరిజినల్స్ మాత్రం ఒక ఫోల్డర్‌లో విడిగా దాచండి, వాటి మీదే సేవ్ చేసి తర్వాత ఏడ్చినవాళ్లని చూశాను, అందులో నేనూ ఉన్నాను.

నేను వాడేది స్కూష్ (Squoosh). గూగుల్ క్రోమ్ వాళ్లు 2018లో ఉచితంగా పెట్టిన సైటు. ఫొటో ఎక్కడికీ అప్‌లోడ్ కాదు, మీ బ్రౌజర్‌లోనే పని జరుగుతుంది. అందులో క్రాప్ లేదు కాబట్టి ముందే ఫోన్‌లో క్రాప్ చేసుకోండి. చీర వెనక కనిపించే సోఫా, ఫ్యాను, పిల్లాడి సైకిలు అన్నీ కేబీలే. తర్వాత ఫొటోని స్కూష్‌లోకి లాగి, కుడివైపు రీసైజ్ ఆన్ చేసి, వెడల్పు 800 కొడితే ఎత్తు అదే సర్దుకుంటుంది. కింద వెబ్‌పీ (వెబ్ కోసం గూగుల్ చేసిన ఫొటో ఫార్మాట్) ఎంచుకుని క్వాలిటీ 75 దగ్గర పెట్టండి. కింద మూలలో సైజు కనిపిస్తుంది. మధ్యలో నిలువు గీత ఉంటుంది, దాన్ని అటూ ఇటూ జరిపితే ఎడమ ఒరిజినల్, కుడి మీరు చేసింది. మొత్తం చీరని చూస్తూ కూర్చోకండి, జూమ్ చేసి రెండే చోట్లు చూడండి: జరీ, ఇంకా ఎరుపు, ఆకుపచ్చ కలిసే అంచు.

ఆ అంచు కథ చెప్పాలి. జేపెగ్, వెబ్‌పీ రెండూ వెలుతురుని ప్రతి చుక్కకీ దాచుకుంటాయి గానీ రంగుని మాత్రం పొదుపుగా, మామూలుగా నాలుగు చుక్కలకి కలిపి ఒకటే దాచుకుంటాయి. మన కన్ను వెలుతురు తేడా పట్టినంత బాగా రంగు తేడా పట్టదు కాబట్టి మొహాల ఫొటోల్లో, కొండల ఫొటోల్లో ఇది తెలియదు. పోచంపల్లి ఇకత్ చీరలో ఎర్ర గడి పక్కనే ఆకుపచ్చ గడి ఉంటే మాత్రం తెలిసిపోతుంది, ఎరుపు పక్కకి పాకినట్టు మబ్బుగా వస్తుంది. అసలే ఇకత్‌లో గీత కొంచెం చెదిరి ఉండటమే అందం, దాని మీద ఇదొకటి. అలాంటి చీరలకి వెబ్‌పీ వదిలేసి మోజ్‌జేపెగ్ (స్కూష్‌లోనే ఉండే జేపెగ్ ఆప్షన్) తీసుకుని, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో క్రోమా సబ్‌శాంప్లింగ్ (ఇందాక చెప్పిన రంగు పొదుపు) ఆపేయండి. సైజు పెరుగుతుంది, పెరగనివ్వండి. ఒకే రంగు చీరలు 70, 80 కేబీకే దిగిపోతాయి, ఒళ్లంతా పనితనం ఉన్నవి 150కి, ఒక్కోసారి 200కి వస్తాయి. అన్నిటికీ ఒకే నంబరు పెట్టి గంపగుత్తగా తోసేయడం నాకు నచ్చదు.

ఇంట్లోంచి అమ్మేవాళ్లకి ఇంకో మాట. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఫైలు లోపల మీ ఇల్లు ఎక్కడుందో కూడా నమోదై ఉంటుంది. స్కూష్‌లోంచి బయటికొచ్చిన ఫైల్‌లో అది ఉండదు.

లోగో, చార్టు, స్క్రీన్‌షాట్ లాంటివి పీఎన్‌జీలో ఉంచండి. అక్షరాలున్న బొమ్మ జేపెగ్‌లో పెడితే అక్షరాల చుట్టూ దుమ్ము పట్టినట్టు వస్తుంది. ఇంగ్లీషు అక్షరం తట్టుకుంటుంది గానీ తెలుగు తట్టుకోదు, మన ఒత్తులు చిన్నవి, 'ర' కింద 'త' ఒత్తో 'న' ఒత్తో పోల్చుకోలేం. అసలు బొమ్మ మీద రాయకుండా పేజీలోనే మామూలు అక్షరాలుగా టైప్ చేస్తే ఈ బాధే లేదు, గూగుల్‌కీ దొరుకుతుంది.

ఫైలు పేరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో చిన్న గీతలతో (హైఫన్లతో) పెట్టండి. తెలుగులో పెడితే తప్పేమీ కాదు, కానీ లింక్ కాపీ చేసి పంపినప్పుడు ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు కూడా విడిగా, పర్సెంట్ గుర్తులతో 9 అక్షరాలవుతుంది. తెలుగంతా ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫొటోకి జతచేసే వివరణలో) రాసుకోండి, 'ఎర్ర అంచు నల్ల పోచంపల్లి పట్టు చీర' అని, చూపు లేనివాళ్ల ఫోన్ చదివి వినిపించేది అదే.

సైటు వర్డ్‌ప్రెస్‌తో కట్టింది అయితే కొంత పని అదే చేస్తుంది. 2560 పిక్సెళ్లు దాటిన ఫొటోని తగ్గిస్తుంది, 300, 768, 1024 కొలతల్లో కాపీలు తీసి పెట్టుకుంటుంది, కిందున్న ఫొటోల్ని కిందికి జరిపినప్పుడే తెప్పిస్తుంది. చేత్తో కోడ్ రాసేవాళ్లు ప్రతి ఫొటోకీ వెడల్పు, ఎత్తు రాయండి, లేకపోతే చదువుతుండగా పేజీ ఎగిరి పడుతుంది. లేజీ లోడింగ్ (ఇందాక చెప్పిన, కిందికి జరిపినప్పుడే తెప్పించే పద్ధతి) పైన కనిపించే మొదటి ఫొటోకి పెట్టొద్దు. అలా పైన కనిపించే పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనపడితే మంచి పేజీ అని గూగుల్ కొలత, వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ సైటులో చూసుకోవచ్చు.

మార్కెటింగ్ మెయిల్ సంగతి వేరు, ఇక్కడ కొత్త తెలివితేటలు పనికిరావు. విండోస్‌లోని పాత ఔట్‌లుక్ మెయిల్‌ని 2007 నుంచి ఎంఎస్ వర్డ్ ఇంజిన్‌తో చూపిస్తోంది, దానికి వెబ్‌పీ తెలియదు. అందుకని మెయిల్‌కి జేపెగ్, పీఎన్‌జీ మాత్రమే. మెయిల్ వెడల్పు మామూలుగా 600 పిక్సెళ్లు, కాబట్టి ఫొటో 1200లో తయారుచేసి, కోడ్‌లో వెడల్పు 600 అని అంకెతో రాయాలి, రాయకపోతే ఔట్‌లుక్‌లో ఫొటో ఒరిజినల్ కొలతకి పొంగి మెయిల్‌ని చింపేస్తుంది. కదిలే జిఫ్ పెడితే ఆ పాతవాటిలో కొన్నిటికి మొదటి బొమ్మే కనపడుతుంది, ఆఫర్ ధర చివరి బొమ్మలో దాచకండి. జీమెయిల్ 102 కేబీ దాటితే మెయిల్‌ని కోసేస్తుంది, అయితే ఆ 102 కోడ్ లెక్క, లింక్‌తో వచ్చే ఫొటోలు అందులోకి రావు.

మొత్తం ఆఫర్‌ని ఒకే పోస్టర్‌గా చేసి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. ఉగాదికి ఒక షాపు నాకు అలాగే పంపింది. 1200 వెడల్పు పోస్టర్‌లో 40 పిక్సెళ్ల అక్షరం 360 ఫోన్ మీద 12 అయిపోతుంది. షాపు ఫోన్ నంబరు బొమ్మలో ఉంది, నొక్కితే కాల్ వెళ్లదు. ఆఫీసు మెయిల్‌లో బొమ్మలు ఆపేసి ఉంటే ఖాళీ డబ్బా తప్ప ఏమీ కనపడదు. చీర ఫొటో బొమ్మగా ఉంచి, ధర, నంబరు, చిరునామా అక్షరాలుగా రాయడానికి పది నిమిషాలు పడుతుంది.

అక్క పేజీ మొత్తం కలిపి 3 ఎంబీ పైచిలుకుకి దిగింది. సాయంత్రం మళ్లీ ఫోన్: "అన్నీ మంచిగున్నయి గానీ, ఆ ఎర్రంచుది మసక మసక కొడుతుంది తమ్మీ." దాన్ని తొందరలో మిగతావాటితో పాటే వెబ్‌పీలో తోసేశాను. మళ్లీ తీసి మోజ్‌జేపెగ్‌లో 240 కేబీకి పెట్టి పంపాను.